కుజగ్రహ నవలలో కాలభావన – మైపాడు తీరం నేపథ్యం
కాలయానం, కుజగ్రహజీవనం వైజ్ఞానిక కల్పనాసాహిత్యంలో చిరపరిచిత ఇతివృత్తాలు. హెచ్.జి.వెల్స్ 1895లో కాలయంత్రాన్ని, 1898లో కుజవాసుల దండయాత్రను వేర్వేరు నవలలుగా రచించాడు. నిజానికి ఈ రెండు ఇతివృత్తాలూ పరస్పర సంబంధం గలవే.

కుజుని దినం దాదాపు 24 గంటల 39 నిమిషాలు. సంవత్సరం మాత్రం 687 భూదినాలు. కుజుని నుండి కాంతి భూమిని చేరడానికి సుమారు 3 నుండి 22 నిమిషాలు పడుతుంది. కనుక మైపాడు తీరాన నిలిచినవారికి కనిపించేది కుజుని గతమే.

ఈ తీరానికి దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుండి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న కుజకక్ష్యను చేరింది. రేపు మనిషే వెళితే, మైపాడులోని తల్లి పలకరింపుకు బిడ్డ బదులు అందడానికి కనీసం 6 నిమిషాలు, గరిష్ఠంగా 44 నిమిషాలు పడుతుంది. కాలయంత్రం లేకున్నా, ఆ నిరీక్షణే కుజగ్రహ నవలను కాలానికి సంబంధించిన కథగా మారుస్తుంది.