యానాం దాకా సరిపడే పాటలు

విమానాశ్రయం ఉన్న లాస్‌పేట పుదుచ్చేరిలోదే, గోదావరి ఒడ్డునున్న యానామూ పుదుచ్చేరిలోదే. మధ్యలో రోడ్డు మాత్రం దాదాపు 870 కిలోమీటర్లు! లాస్‌పేటలో కాపురముంటున్న యానాం కుటుంబం పండక్కి కారులో బయల్దేరితే చెన్నై, నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి అన్నీ దాటాలి. గంటకు 60 కిలోమీటర్ల సగటు వేసుకున్నా పద్నాలుగున్నర గంటలు. లాస్‌పేటలో ఎఫ్‌ఎం పెడితే వచ్చేది ఎక్కువగా తమిళం. ఊరు దాటి కొంత దూరం పోయాక అదీ గరగరలాడి ఆగిపోతుంది, ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు సూటిగా పోయేవే తప్ప భూమి వంపు వెంట వంగేవి కావు. ఘంటసాలో, ఇళయరాజానో కావాలంటే పాటలు వెంట తీసుకుపోవాల్సిందే.

ఇంత చిన్న కోరికా సులువుగా తీరలేదు.

అమెరికాలో గాల్విన్ సోదరులు 1930లో ‘మోటరోలా’ పేరుతో కారు రేడియో తెచ్చారు. స్టేషన్‌వాళ్ళు ఏది వేస్తే అది వినాలి. మన పాట మనమే వేసుకునే తొలి గట్టి ప్రయత్నం క్రిస్లర్ కంపెనీది. 1956 మోడల్ కార్లలో డ్యాష్‌బోర్డు కింద ఏకంగా గ్రామఫోనే పెట్టింది! సీబీఎస్ ఇంజనీరు పీటర్ గోల్డ్‌మార్క్ రూపొందించిన ఆ ‘హైవే హైఫై’ కోసం నిమిషానికి 16⅔ చుట్లు తిరిగే ప్రత్యేక రికార్డులు కొనాలి. ఇంట్లో ఉన్నవి అందులో పలకవు. అది కొన్నేళ్ళకే మూలపడింది. ఇంట్లోదీ కారులోదీ ఒకటే అయింది క్యాసెట్‌తో. ఫిలిప్స్ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో చూపిన ఆ చిన్న డబ్బా మన ఊళ్ళకు వచ్చాక, చీటీ మీద పాటలు రాసిచ్చి షాపులో రికార్డు చేయించుకోవడం ఒక ముచ్చట. అయితే 90 నిమిషాల క్యాసెట్లు పది పెట్టుకుంటే గానీ యానాం రాదు.

లెక్క మార్చింది ఎంపీ3. సీడీ మీద సంగీతం సెకనుకు 1,411 కిలోబిట్లు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ బృందం చెవి బలహీనతను ఆసరా చేసుకుంది. గట్టి శబ్దం మోగుతున్నప్పుడు దాని పక్క స్థాయిలోని సన్నని శబ్దం మనకు వినబడదు. వినబడనిదాన్ని దాచడం దేనికని వదిలేస్తే 128 కిలోబిట్లతో పని జరుగుతుంది, అంటే నిమిషానికి సుమారు ఒక మెగాబైటు. ఇంట్లో మంచి స్పీకర్ల ముందు కూర్చుంటే తేడా పట్టేవాళ్ళున్నారు. టైర్ల రొద, ఇంజను రొద, లారీ హారన్ల మధ్య ఆ తేడా పట్టేవాళ్ళు అరుదు. ఎంపీ3కి కారు కన్నా అనువైన చోటు లేదనే చెప్పాలి. 700 మెగాబైట్ల సీడీ ఒక్కదానిలో పన్నెండు గంటల పాటలు పట్టాయి. గోదావరి వంతెన రాకముందే అయిపోతాయనుకోండి.

అసలు కథ 1999లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో నడిచింది. హ్యూగో ఫైన్స్, మైక్ క్రో ‘ఎంపెగ్’ అనే చిన్న కంపెనీ పెట్టి, కారు స్టీరియో ఉండే అరలో సరిగ్గా ఇమిడే కంప్యూటరు చేశారు. ఆ అర కొలత 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. లోపల లైనక్స్, స్ట్రాంగ్‌ఆర్మ్ ప్రాసెసరు, ల్యాప్‌టాప్‌లలో వాడే హార్డ్‌డిస్కు. తిరిగే డిస్కుకు గోతుల రోడ్డు శత్రువు. అందుకే ఆ పెట్టె పాటలను ముందుగానే మెమరీలోకి చదువుకుని డిస్కును ఆపేసేది. కొత్త పాటలు కావాలంటే పెట్టెను అరలోంచి లాగి ఇంటికి మోసుకెళ్ళి కంప్యూటరుకు తగిలించాలి. ధర వెయ్యి డాలర్లకు పైమాటే. సోనిక్‌బ్లూ 2000లో కంపెనీని కొని దాన్ని ‘రియో కార్’గా అమ్మింది, 2001లో ఆపేసింది. ఒకరి పాటలన్నీ ఒకే పెట్టెలో, కారులోనే ఉండాలన్న ఆలోచన సరైనదే. పెట్టెకే అంత ఖర్చు అక్కర్లేదని తర్వాత తేలింది.

ఈలోగా పాత క్యాసెట్ ప్లేయర్లున్నవాళ్ళను ఆదుకున్నది వైరున్న క్యాసెట్. అందులో టేపు ఉండదు, చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. పాట విద్యుత్తుగా వచ్చి, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రమవుతుంది. ఎదురుగా ఉన్న ప్లేయర్ హెడ్డు అదే టేపు అనుకుని చదివేస్తుంది. ఇంత ముచ్చటైన మోసం ఎలక్ట్రానిక్స్‌లో మరొకటి దొరకడం కష్టం.

వడోదరకు చెందిన అజయ్ భట్ ఇంటెల్‌లో తన బృందంతో రూపొందించిన యూఎస్‌బీ 1996లో వచ్చింది. 2000లో ఐబీఎం అమ్మిన పెన్‌డ్రైవ్ సామర్థ్యం 8 మెగాబైట్లు, రెండు పాటలు పట్టేంత! ఫ్లాష్ మెమరీ చవకవుతూ వచ్చేసరికి ఎంపెగ్ పెట్టె చేసిన పనిని వేలెడంత పుల్ల చేసింది. తిరిగే భాగమే లేదు కాబట్టి గోతుల బెంగా లేదు. సరిగమ కంపెనీ ఇప్పుడు పాటలు నింపిన పెన్‌డ్రైవ్‌లనే ‘మ్యూజిక్ కార్డ్’ పేరుతో అమ్ముతోంది.

తెలుగువాళ్ళకు చిక్కు మరోచోట వచ్చింది. పాట పేరు, పాడినవారి పేరు ఎంపీ3 ఫైలులోనే రాసే పద్ధతిని 1996లో ఎరిక్ కెంప్ మొదలుపెట్టాడు. ఫైలు చివర 128 బైట్లు, అందులో పాట పేరుకు 30. అది రోమన్ లిపిని తలచుకుని గీసిన గడి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. ‘శ్రీ’ ఒక్కటే నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. రెండు శ్రీలు పడితే మూడోది సగంలో తెగిపోతుంది! 1998లో వచ్చిన రెండో రూపం ఈ ఇరుకును తీర్చింది. అయినా స్టీరియోలో తెలుగు ఫాంటు, ఒత్తులు కూర్చే ప్రోగ్రాము లేకపోతే తెర మీద వచ్చేవి ఖాళీ గళ్ళే. లాస్‌పేటలో పక్కింటి తమిళులదీ ఇదే బాధ.

మరి ఫోనుంది కదా అంటారా? బ్లూటూత్ సుఖమే. కాకపోతే మామూలుగా ఫోను ఎంపీ3ని విప్పి, ఎస్‌బీసీ అనే పద్ధతిలో మళ్ళీ కుదించి పంపుతుంది, ఒకసారి వడకట్టినదాన్ని ఇంకోసారి వడకట్టినట్టు. కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాక తెర అంతా ఫోనుదే అయింది. ఆన్‌లైన్ పాటలకు సిగ్నల్ ఉండాలి, చందా కట్టాలి, హక్కులు మారితే జాబితాలోంచి పాట మాయం కావచ్చు. సొంతంగా పోగేసిన పాటలున్నవాళ్ళకు పెన్‌డ్రైవే మేలు.

దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి, ఎక్కువ స్టీరియోలు చదివేది అదే. ఫైళ్ళ పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసి అదే వరుసలో కాపీ చేయండి. చాలా స్టీరియోలు అక్షరక్రమాన్ని పట్టించుకోవు, ఎక్కించిన వరుసలోనే పాడతాయి. ఎండలో నిలిపిన కారు వేడికి ఫ్లాష్ మెమరీ త్వరగా పాడవుతుంది, ఇంట్లో ఇంకో కాపీ ఉంచండి. కొత్త కారు కొనేముందు టెస్ట్‌డ్రైవ్‌కు మీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళండి. కొన్ని కార్లలో యూఎస్‌బీ పోర్టు ఛార్జింగుకే తప్ప పాటకు పనికిరాదు.