కోపానికి బొమ్మలు

కోపం వచ్చినప్పుడు ఇంట్లో వాళ్ళంతా శత్రువుల్లాగే కనబడతారు. ఆ కోపం ఎలా పెరిగి ఎలా చల్లారుతుందో చూపించే బొమ్మల పుస్తకం ఒకటున్నది. దాని పేరు 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్'. అమెరికాలో మారిస్ సెండాక్ కథా, బొమ్మలూ తానే కల్పించి 1963లో దాన్ని వెలువరించాడు.

మాక్స్ అనే కుర్రవాడు తోడేలు వేషం వేసుకుని ఇల్లంతా అల్లరి చేస్తాడు. మందలించిన తల్లినే మింగేస్తానంటాడు. తల్లి వాణ్ణి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే అడవి మొలుస్తుంది! మాక్స్ పడవెక్కి, భయంకర మృగాలుండే చోటికి పోయి, వాటికి రాజవుతాడు.

ఇందులో ఒక చమత్కారం ఉన్నది. మొదట బొమ్మలు చిన్నవిగా ఉంటాయి. కథ సాగినకొద్దీ అవి పెరుగుతాయి. మాక్స్ మృగాలతో గంతులు వేసేసరికి బొమ్మ రెండు పేజీలనూ నింపేస్తుంది. మాటలకు చోటే ఉండదు. కోపం ముదిరితే మనకూ మాటలు రావు గదా!

చివరకు మాక్స్‌కు ఇల్లు గుర్తుకొస్తుంది. తిరిగివచ్చేసరికి గదిలో వేడి వేడి భోజనం సిద్ధంగా ఉంటుంది. అమ్మ కోప్పడ్డదే గాని, ప్రేమ మానలేదన్నమాట.

ఈ పుస్తకం పిల్లలను జడిపిస్తుందని కొందరు పెద్దలు శంకించారు. అయినా 1964లో కాల్డెకాట్ పతకం దీనికే వచ్చింది.

ఇలాటి పుస్తకం చదివి వినిపించే పెద్దలు నీతి బోధించనక్కరలేదు. "మాక్స్‌కు ఇప్పుడు ఎలా ఉంటుంది?" అని అడిగితే చాలు. "నాకు కోపం వచ్చింది" అని నోటితో చెప్పటం నేర్చిన పిల్లవాడు పలకా బలపం విసిరికొట్టడు.