బూట్లకూ రిటైర్మెంటు ఉంది!

మీ ఇంటి గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు ఒకసారి చూడండి. కింది అరలో ఒక పాత స్పోర్ట్స్ షూ జత కనిపిస్తోందా? అబ్బాయి కాలేజీ గ్రౌండులో పరుగులు తీసిన రోజుల్లోదై ఉంటుంది. వాడికి కొత్తవి వచ్చాయి. "ఇవీ బాగానే ఉన్నాయిగా, అమ్మ వాకింగ్‌కి పనికొస్తాయి" అని పాతవి మీ వాటాకి వచ్చాయి. అంతేనా? వదులుగా ఉంటే ముందు కాస్త దూది కుక్కి, రెండేసి సాక్సులు తొడిగి మరీ నడిచేవాళ్లు మనలో ఎంతమంది లేరు!

పొదుపు మంచిదే. కానీ ఈ ఒక్క విషయంలో ఆ పొదుపు మోకాళ్ల మీద పడుతుంది సుమా! పరుగుకి పనికిరాకుండా పోయిన బూటు, వ్యాయామం కోసం చేసే నడకకి కూడా పనికిరాదు. పైకి ఎంత కొత్తగా కనబడినా సరే.

పరుపులాంటిదే, ఏకించడం మాత్రం కుదరదు

పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకి మన బరువుకి రెండు మూడు రెట్ల భారం పాదం మీద పడుతుంది. అంటే 60 కిలోల మనిషైతే 120 నుంచి 180 కిలోలన్నమాట! ఆ దెబ్బని ముందుగా కాచుకునేది బూటు అడుగునున్న రబ్బరుకీ, మన పాదానికీ మధ్య మందంగా ఉండే పొర. దాన్నే మిడ్‌సోల్ అంటారు. చాలా బూట్లలో ఇది ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసినది. మంచి ఇడ్లీని విరిచి చూస్తే సన్నని గుల్లలు కనిపిస్తాయి చూడండి, అలాగే దీన్నిండా గాలి గదులే. అడుగు పడగానే నొక్కుకుని, కాలెత్తగానే మళ్లీ పైకి లేస్తాయి.

వేల అడుగులు పడ్డాక ఆ గదుల గోడలు మడతలు పడి, చిట్లి, నురుగు గట్టిపడిపోతుంది. దూది పరుపు అణిగిపోతే దూదేకులవాళ్లని పిలిచి ఏకించుకునేవాళ్లం. ఈ నురుగుకి ఆ వైద్యం లేదు. ఒకసారి అణిగిందంటే అంతే. ఇంకో సంగతి, అది ఎవరు తొడిగితే వాళ్ల పాదం తీరునే అణుగుతుంది. మీ అబ్బాయి మడమ బయటివైపు నొక్కి నడిచే రకమైతే, ఆ బూటు అటే ఒరిగి ఉంటుంది. అందులో కాలు పెట్టిన మీరూ రోజూ అటే ఒరుగుతూ నడుస్తారు. పెన్ను అరువిచ్చినట్టు బూటు ఇవ్వకూడదనేది అందుకే.

ఎన్నాళ్లు తొడగచ్చు?

పరుగు వాళ్లు నెలలు లెక్కపెట్టరు, కిలోమీటర్లు లెక్కపెడతారు. సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు అంటారు. మనిషి బరువు, నడిచే నేల, పాదం పడే తీరు బట్టి ఇది మారుతుంది. మీరు రోజుకి 3 కిలోమీటర్ల చొప్పున నెలకి 90 కిలోమీటర్లు నడుస్తారనుకుందాం. 500 దాటడానికి ఐదున్నర నెలలు, 800కి దాదాపు తొమ్మిది నెలలు. నడకలో దెబ్బ తక్కువ కాబట్టి ఇంకొన్నాళ్లు రావచ్చు. మూడేళ్లు మాత్రం రాదు. కొన్న రోజున, పాల లెక్కా గ్యాస్ బండ తేదీ రాసుకునే గోడ క్యాలెండర్లోనే "బూట్లు" అని ఒక ముక్క రాసి పెట్టుకోండి. ఏడాది మారితే కొత్త క్యాలెండర్లోకి ఎక్కించడం మరవకండి.

లెక్కలు కుదరని వాళ్లకి కళ్లే సాక్ష్యం. బూట్లు రెండూ ఒక బల్ల మీద (అన్నం తినే బల్ల వద్దు లెండి!) పక్కపక్కన పెట్టి వెనకనుంచి చూడండి. మడమ భాగం ఒక పక్కకి ఒరిగిందా? మిడ్‌సోల్ పక్కల్లో ముసలివాళ్ల నుదుటి మీద లాంటి ముడతలున్నాయా? అడుగున గళ్లు అరిగి నున్నబడ్డాయా? అయితే దాని పని అయిపోయింది. అంతకంటే ముందే మీ శరీరం కూడా చెప్పచ్చు. ఎప్పుడూ లేనిది మోకాలు, ముంగాలు, మడమ సలపడం మొదలుపెడితే డాక్టరు దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ బూట్లు కూడా పట్టుకెళ్లండి. నొప్పులన్నీ బూట్ల వల్లే వస్తాయని చెప్పలేం గానీ, అరిగిన తీరు చూస్తే డాక్టరుకి మీ నడక కొంత అర్థమవుతుంది.

వంటింట్లో పుట్టిన సోలు

బూట్ల చరిత్రలో మన వంటింటికి కూడా వాటా ఉందంటే నమ్ముతారా? అమెరికాలో ఆరిగన్ విశ్వవిద్యాలయంలో బిల్ బోవర్‌మన్ అని పరుగు కోచ్ ఉండేవాడు. తర్వాత నైకీగా మారిన కంపెనీని స్థాపించిన ఇద్దరిలో ఒకడు. కొత్త ట్రాక్ మీద మేకులు లేకుండానే పట్టు దొరికే సోలు ఎలా చెయ్యాలా అని తెగ ఆలోచిస్తున్నాడట. 1971లో ఒకరోజు ఇంట్లో టిఫిన్ వేళ భార్య బార్బరా వాడే వాఫిల్ పెనం మీద ఆయన కన్ను పడింది. వాఫిల్ అంటే గళ్లుగళ్లుగా ఉండే తియ్యటట్టు లాంటిది. ఆ గళ్లు తిరగేస్తే? అంతే, కరిగించిన ప్లాస్టిక్ తెచ్చి పెనంలో పోసేశాడు. ముందుగా నూనెలాంటిది ఏదైనా రాయాలన్న సంగతి మరిచాడేమో, పెనం అతుక్కుపోయి మూత రాలేదు!

పెళ్లికి కానుకగా వచ్చిన పెనం అది. ఆవిడ ఏమన్నారో చరిత్ర రాసుకోలేదు గానీ, మనకి ఊహించడం కష్టం కాదు. ఆ ప్రయోగాల్లోంచి వచ్చిన గళ్ల సోలే నైకీకి పేరు తెచ్చింది. పాడైన పెనం మాత్రం చెత్తగుంటలోకి పోయి, 2010లో ఆ కుటుంబం వాళ్ల ఇంటి దగ్గరే తుప్పు పట్టి బయటపడింది. 1972లో ఆ గళ్ల సోలుతో చేతితో కుట్టిన కొద్ది జతల్లో ఒకటి 2019లో వేలంలో 4,37,500 డాలర్లు పలికింది. ఎవరూ తొడగని జత కాబట్టి అంత ధర వచ్చింది. మన స్టాండులోవాటి మీద ఆశ పెట్టుకోకండి.

మన పాదం వేరు

కంపెనీలు చాలా ఏళ్లు మగవాళ్ల బూటునే చిన్నది చేసి, గులాబీ రంగు వేసి మనకి అమ్మాయి. ఆడవాళ్ల పాదం ముందు వెడల్పుతో పోలిస్తే మడమ సన్నగా ఉంటుంది. మగవాళ్ల అచ్చులో చేసిన బూటు వేళ్ల దగ్గర సరిపోతే మడమ జారుతుంది, మడమ పట్టేస్తే వేళ్లు నలుగుతాయి.

పిల్లలు పుట్టాక సైజు మారుతుందని కూడా చాలామందికి తెలియదు. అమెరికాలో ఐయోవా పరిశోధకులు 49 మంది గర్భిణుల పాదాలు కొలిచి, పురుడయ్యాక నాలుగైదు నెలలకి మళ్లీ కొలిచారు. 2013లో ఫలితాలు వచ్చాయి. సగానికంటే ఎక్కువ మందికి పాదం పొడవో, వెడల్పో పెరిగింది! కాబట్టి "నాది ఐదో నంబరు" అని పెళ్లినాటి లెక్క చెప్పకండి. సాయంత్రం వేళ, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మీరు రోజూ వేసుకునే సాక్సుతోనే వెళ్లి రెండు కాళ్లూ కొలిపించుకోండి. పెద్ద కాలికి సరిపోయేది కొనండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి.

సరిపోని బూటు కంటే ఉత్తకాలే నయం అనిపించినవాడు ఇథియోపియా వీరుడు అబెబె బికిలా. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కొత్తగా కొన్న బూట్లు బొబ్బలెక్కించాయి. తీసి అవతల పెట్టి మారథాన్ ఉత్తకాళ్లతో పరుగెత్తి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం కొట్టాడు. 1964లో టోక్యోలో కాలికి కుదిరిన బూట్లు దొరికాయి. అప్పుడూ బంగారమే, అప్పుడూ రికార్డే! అలాగని మీరు ఉత్తకాళ్లతో తారు రోడ్డెక్కకండి. ఆయనకది చిన్ననాటి అలవాటు.

ఇష్టమైన జత ఉంటే

పరుగు అలవాటున్న ఎవరినైనా అడగండి, ఒక జత గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది. మొదటి పది కిలోమీటర్లు పరుగెత్తింది అందులోనే అంటారు. ఆ మాట నిజమే, అందుకే పారెయ్యలేరు. వీళ్లకి ఇంకో చిక్కు. అలవాటైన రకాన్ని కంపెనీ ఏడాది తిరిగేసరికి మార్చేస్తుంది. పేరు అదే, పాదానికి మాత్రం కొత్త చుట్టరికం. నచ్చిన రకం దొరికితే రెండు జతలు తీసుకోవడం తెలివైన పనే. పెట్టెలో ఏళ్ల తరబడి దాచకండి, వాడకపోయినా నురుగూ జిగురూ ఎండిపోతాయి. రోజు విడిచి రోజు మార్చి తొడగండి. లక్సెంబర్గ్‌లో 264 మంది పరుగు వాళ్లని 22 వారాలు గమనిస్తే, జతలు మార్చి తొడిగేవాళ్లకి గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనబడింది. మార్చడం ఒక్కటే కారణమని తేల్చలేం. అయినా మన చెమట వాతావరణంలో బూటు ఆరడానికి ఒక రోజు దొరుకుతుంది, అదే పెద్ద లాభం.

కడగాలంటే వాషింగ్ మెషీన్లో వెయ్యకండి, వేణ్నీళ్లూ వద్దు. లేసులు, లోపలి అట్ట తీసి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి రుద్ది, లోపల వార్తాపత్రిక ఉండలు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండ తగిలితే నురుగు త్వరగా పాడవుతుంది. వాన రోజుల్లో ఆ కాగితాలు గంటకోసారి మార్చాలి. వాసన పోవాలంటే పాత సాక్సులో నాలుగు చెంచాల వంట సోడా వేసి ముడి కట్టి రాత్రంతా బూటులో ఉంచండి.

రిటైరైన జతకి ఇంట్లో పని బోలెడు. కొబ్బరి మట్టలు ఏరడానికి, వాకిలి కడగడానికి, వానలో కూరగాయల బజారుకి అది చాలు. అరగంట మించి నడిచే పనికి మాత్రం వద్దు. ఎవరికైనా ఇద్దామంటే, పెద్దగా అరగకుండానే సైజు చాలక పక్కన పెట్టిన జతలే ఇవ్వండి. పనమ్మాయి మోకాళ్లూ మోకాళ్లేగా! మరీ పాడైనవాటికి ముంబయిలో గ్రీన్‌సోల్ అనే సంస్థ దారి చూపించింది. శ్రియాన్స్ భండారి, రమేష్ ధామి అనే ఇద్దరు పరుగు వీరులు తమ బూట్లు వరసగా అరిగిపోవడం చూసి మొదలుపెట్టారు. పాత బూట్ల సోళ్లతో చెప్పులు చేయించి, చెప్పుల్లేని బడిపిల్లలకి అందించారు.

పారేసేముందు లేసులు విప్పి దాచుకోండి. గట్టివి. కాకర పాదు పందిరికి పాకించడానికి, పాత పేపర్ల కట్టలు కట్టడానికి అంత చక్కని తాడు బజారులో దొరకదు.