మూత్రపిండ వ్యాధి కొందరిలో ఏల ముదురును?

రక్తపోటు హెచ్చినచో మూత్రపిండములు చెడును. దానిని అదుపులో నుంచినచో ఆ చెరుపు ఆగవలెను గదా! కాని అమెరికాలో 1995లో ప్రారంభమైన ఒక పరిశోధనలో అట్లు జరుగలేదు. అందు ఆఫ్రికా సంతతికి చెందిన 1,094 మంది రోగులు పాల్గొనిరి. రక్తపోటును ఎంత గట్టిగా తగ్గించినను పలువురి మూత్రపిండములు క్షీణించుచునే పోయినవి.

కారణమునకై వెదకిన శాస్త్రజ్ఞులు 2008లో 22వ క్రోమోసోముపై నున్న ఒక జన్యువును అనుమానించిరి. పాపము, అది నిర్దోషి. పొరుగు జన్యువులు తరచు కలిసియే సంక్రమించును గనుక ఈ పొరపాటు కలిగినది. దాని ప్రక్కనే యున్న అపోల్-1 అను జన్యువే అసలు దోషియని 2010లో తేలినది.

నిజమునకు అపోల్-1 మనుష్యునికి మిత్రమే. ఆఫ్రికాలో సెట్సీ ఈగ కాటువలన ట్రిపనోసోమా అను సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించును. అపోల్-1 తయారుచేయు ప్రోటీను ఆ జీవి పొరకు రంధ్రములు చేయగా, అది నీటితో ఉబ్బి పగిలి చచ్చును. తూర్పు ఆఫ్రికాలో అతినిద్రా వ్యాధిని కలిగించు రకము మాత్రము వేరొక ప్రోటీనుతో ఈ ఆయుధమును పట్టి బంధించును. జి-1, జి-2 అను జన్యు మార్పులు ఆ పట్టును సడలించినవి. ఇవి పశ్చిమ ఆఫ్రికాలో మిక్కిలిగా వ్యాపించినవి. బానిసలుగా ఓడలలో తరలింపబడినవారితో అమెరికా చేరినవి.

మారిన జన్యువు తల్లిదండ్రులలో ఒక్కరి నుండియే వచ్చినచో మూత్రపిండములకు ముప్పు స్వల్పము. ఇరువురి నుండియు వచ్చినచో, సూక్ష్మజీవికి రంధ్రము చేయు ఆ ప్రోటీనే మూత్రపిండములోని వడపోత కణములను దెబ్బతీయును. అమెరికాలోని ఆఫ్రికా సంతతివారిలో నూటికి సుమారు 13 మందికి ఇట్టి జంట కలదు. పై పరిశోధనలోని రోగులనే ఈ దృష్టితో పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. జంట కలవారిలో 58 శాతమునకు వ్యాధి ముదిరినది. తక్కినవారిలో 37 శాతమునకు మాత్రమే. రక్తపోటుపై మోపిన నింద కొందరి విషయమున తలక్రిందులై యుండును: ముందు చెడినది వడపోతయే, రక్తపోటు దాని ఫలితము.

అయినను జంట కలవారిలో అధికులకు ఈ వ్యాధి రానే రాదు. ఎయిడ్స్‌ను కలిగించు వైరస్ సోకుట వంటి మరియొక దెబ్బ తగిలినప్పుడు ముప్పు మిక్కుటమగును. ఈ ప్రోటీను చేయు రంధ్రమును మూయు ఇనాక్సాప్లిన్ అను మందును కొద్దిమంది రోగులకు 13 వారములు ఇచ్చి చూచిరి. మూత్రములో పోవు ప్రోటీను సగటున 47.6 శాతము తగ్గినట్లు 2023లో ప్రకటింపబడినది.