ఆయిల్ ఇంజన్: కొట్టంలో మూలనపడ్డ పాత ఇంజన్ మళ్లీ నడుస్తుందా? మొదటిసారి పానా పట్టేవాళ్లు ముందు ఇవి తెలుసుకోండి

పశువుల కొట్టంలో ఓ మూల.. గోనెసంచుల కింద తుప్పు పట్టిన ఆయిల్ ఇంజన్. తాత కొన్నది, నాన్న నడిపింది. ఇప్పుడు దాని మీద కోళ్లు ఎక్కి కూర్చుంటున్నాయి. జనగామ జిల్లా పాలకుర్తి లాంటి మెట్ట ప్రాంతాల్లో పాత బావుల దగ్గర పెరిగిన ఎవరికైనా ఇది తెలిసిన దృశ్యమే. పాత ఇనుము కింద అమ్మేద్దామా? లేక ఓసారి బాగుచేసి చూద్దామా?

బాగుచేయడం కొత్తవాళ్లకూ సాధ్యమే. కానీ తీసిన రోజే హ్యాండిల్ పెట్టి తిప్పితే మాత్రం బాగుపడే ఇంజన్ కూడా చెడిపోతుంది. ఎందుకో, పని ఏ వరుసలో చేయాలో చూద్దాం.

ఇప్పుడు ఇంజన్‌తో పనేంటి?

ఒకప్పుడు ఈ ప్రాంతంలో సేద్యం అంటే చెరువులు, బావులే. మోట పోయి ఆయిల్ ఇంజన్ వచ్చింది. తర్వాత కరెంటు మోటార్లు, బోర్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక డీజిల్ పోసి నీళ్లు తోడే అవసరం ఇంకా తగ్గింది.

అయినా పూర్తిగా పోలేదు. వరి పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఒక్క తడి కోసం పంట ఎండిపోవచ్చు. కరెంటు లైన్ లేని చోట కుంటలోంచో వాగులోంచో నీళ్లు ఎత్తాలన్నా ఇంజనే దిక్కు.

ముందు నేమ్ ప్లేట్ ఫొటో తీయండి

ఇంజన్ మీద చిన్న రేకు ముక్క ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి ఫోన్‌లో ఫొటో తీయండి. హెచ్‌పీ, ఆర్‌పీఎం, నంబర్.. ఈ మూడూ లేకుండా స్పేర్ పార్ట్‌ల షాపుకు వెళ్తే తిరిగి రావాల్సిందే.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి 5 హెచ్‌పీ, 1500 ఆర్‌పీఎం కిర్లోస్కర్ తరహా. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ 1946లో పుణెలో మొదలైంది. రెండోది 'లిస్టర్ టైపు'. పెద్ద బరువైన చక్రాలు, 650 ఆర్‌పీఎం, డుగ్ డుగ్ మంటూ నింపాదిగా నడుస్తుంది. దీని మూలం ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ అనే ఊరు. ఆ నమూనాను గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఏళ్లతరబడి తయారు చేశారు. ఒకదాని పార్టులు ఇంకోదానికి పట్టవు.

జామ్ అయితే సుత్తి వద్దు

ఏళ్ల తరబడి కదలని ఇంజన్‌లో పిస్టన్ రింగులు లైనర్‌కు తుప్పుతో అంటుకుపోతాయి. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే.. హ్యాండిల్‌కు పొడవాటి పైపు తగిలించి ఇద్దరు ముగ్గురు బలంగా లాగుతారు. దాంతో రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇలా చేయండి. నాజిల్ విప్పి పక్కన పెట్టండి. ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి కొద్దిగా పోయండి. కొన్ని రోజులు అలాగే నాననివ్వండి. రోజూ ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ మెల్లగా కదపండి. వెంట్రుక వాసి కదిలినా దారికొచ్చినట్టే. పూర్తిగా తిరిగేదాకా నాజిల్ బిగించొద్దు. లోపల ఆయిల్ నిలిచి ఉండగా తిప్పితే అది నలగదు, పోవడానికి దారి ఉండదు.. అప్పుడు కూడా రాడ్డే వంగుతుంది.

ఈలోపు సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. ఎలుకల గూళ్లు, కుమ్మరి పురుగు మట్టి గూళ్లు ఉండొచ్చు. కింది ఆయిల్ మొత్తం దించేయండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిల్‌నే, గేజ్ మీద గీత వరకే పోయాలి.

మూడు కుదిరితేనే స్టార్ట్ అవుతుంది

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 16, 17వ వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి భగ్గుమనేంత వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది. అంటుకుంటుంది. అంటే కావాల్సినవి మూడే.. గట్టి కంప్రెషన్, మంచి స్ప్రే, సరైన టైమింగ్.

కంప్రెషన్: నాజిల్ బిగించాక డీకంప్రెషన్ లివర్ దించి ఫ్లైవీల్ తిప్పండి. బంతిని నొక్కినట్టు ఎదురు తన్నాలి. సులువుగా తిరిగిపోతే వాల్వులో, రింగులో గాలి వదులుతున్నాయని అర్థం.

స్ప్రే: ట్యాంకు కడిగి, ఫిల్టర్ కొత్తది వేసి, తాజా డీజిల్ పోయండి. లైన్‌లో గాలి ఉంటే ఎంత తిప్పినా లాభం లేదు. ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ నిండుగా వచ్చేదాకా వదలండి. తర్వాత మెల్లగా తిప్పితే నాజిల్ దగ్గర 'క్రీక్.. క్రీక్' అని వినిపించాలి. వినిపించకపోతే నాజిల్‌ను డీజిల్ పంపులు సర్వీస్ చేసే షాపులో టెస్ట్ చేయించండి. స్ప్రే వస్తుందా అని చెయ్యి అడ్డు పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా లోపల కండ చచ్చిపోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

టైమింగ్: ఎవరూ విప్పకపోతే అది సాధారణంగా చెదరదు. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

స్టార్ట్ చేసే రోజు జాగ్రత్తలు

ఇంజన్ బయట, గట్టి నేల మీద బిగించి ఉండాలి. కూలింగ్ నీళ్లు ముందే పెట్టాలి. మర్చిపోయి వేడెక్కాక చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది. మెడలో తువ్వాల, వదులు లుంగీ వద్దు. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి. లేదంటే ఎదురు తన్నినప్పుడు విరుగుతుంది. ఇంజన్ అందుకోగానే హ్యాండిల్ బయటికి లాగేయాలి. షాఫ్ట్ మీదే వదిలితే ఎగిరొచ్చి తగులుతుంది.

స్టార్ట్ చేయడం కన్నా ముందు ఆపడం తెలియాలి. ఆయిల్ ఎక్కువైతే ఇంజన్ దాన్నే తాగి అదుపు తప్పి పరుగెడుతుంది. అప్పుడు డీజిల్ ఆపినా ఆగదు. గాలి పోయే మూతికి అడ్డంగా పెట్టడానికి ఒక చదునైన చెక్క దగ్గర పెట్టుకోండి. చెయ్యి, గుడ్డ పెట్టొద్దు.. లాగేసుకుంటుంది.

మొదట పది నిమిషాలు లోడ్ లేకుండా నడపండి. పొగ చూడండి. చల్లగా ఉన్నప్పుడు కాసేపు తెల్ల పొగ మామూలే. ఆగకుండా నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే ఫిల్టర్ మూసుకుపోయిందో, నాజిల్ బాగాలేదో, లోడ్ ఎక్కువైందో చూడాలి. తర్వాత ఆపి ఆయిల్ మళ్లీ మార్చండి. లోపలి మురికంతా అందులోనే దిగుతుంది.

బావిలోకి మాత్రం దించొద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. పంపు నీళ్లను పైకి పీల్చగలిగేది లెక్క ప్రకారం సుమారు 10 మీటర్లు, ఆచరణలో 7 మీటర్ల దాకానే. నీళ్లు అంతకన్నా కిందికి పోతే, బావి లోపల గట్టు మీదికి ఇంజన్ దించి నడపాలనిపిస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. బావిలో అది బయటికి పోదు. దిగినవాళ్లు స్పృహ తప్పి పడిపోతారు.. కాపాడబోయి దిగినవాళ్లూ పడిపోతారు. ఇంజన్ ఆపేసినా కాసేపు ఆ గాలి అక్కడే ఉంటుంది. నీళ్లు అందకపోతే ఆ బావికి ఈ ఇంజన్ పనికిరాదనే లెక్క. కుంటకో, వాగుకో వాడుకోండి.

ఎక్కడ ఆగాలి?

బ్లాక్ పగిలినా, ఎన్ని రోజులు నానబెట్టినా పిస్టన్ కదలకపోయినా, క్రాంక్ షాఫ్ట్ చేత్తో పట్టుకుంటే లొటలొట ఊగినా.. అది లేత్ షాపు పని. ఒక్క పార్టు కొనకముందే అక్కడ ఖర్చు అడగండి. ఈ మూడూ బాగుంటే తొందరపడకండి. ఇన్నేళ్లు ఆగిన ఇంజన్ ఇంకో వారం ఆగుతుంది. నాననివ్వండి, కడగండి, గాలి తీయండి.. హ్యాండిల్ పట్టేది చివరి రోజే.