పగిలిన స్వరానికి పట్టాభిషేకం!

రేణిగుంట, ఏర్పేడు మండలాల్లో ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలదే సందడి. సెల్‌ఫోన్ల విడిభాగాలూ చార్జింగ్ కేబుళ్లూ టీవీ తెరలూ ఇక్కడ తయారవుతున్నాయి. గోరంత చిప్పులో కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడిపోయే కాలమిది. అలాంటి రోజుల్లోనూ బొటనవేలంత గాజు వాల్వు వేడెక్కి వెలిగేదాకా ఓపిగ్గా ఎదురుచూసేవాళ్లున్నారు. వాళ్లే... ఎలక్ట్రిక్ గిటారిస్టులు! తాతగారి రేడియోతోనే కాలం చేసిందనుకున్న ఆ వాల్వు, వాళ్ల ‘హైగెయిన్ ట్యూబ్ యాంప్లిఫయర్’లో ఇప్పటికీ దర్జాగా బతికేస్తోంది.

అర నిమిషం ఆగితేనే పాట!

పాతకాలం రేడియో గుర్తుందా? స్విచ్చి వేయగానే పాట వచ్చేది కాదు. లోపల దీపాల్లాంటివి ఎర్రబడి, అర నిమిషం గడిచాకే మద్రాసు కేంద్రం పలికేది. ఆ దీపాలే వాల్వులు. అమెరికన్లు ట్యూబులంటారు. 1906లో లీ డి ఫారెస్ట్ తయారుచేసిన ట్రయోడ్‌తో వీటి ప్రస్థానం ఊపందుకుంది. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా రేడియో వాల్వులు తయారుచేసేది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. ఆ తర్వాత రేడియో, టీవీ అన్నీ దాని వెంటే వెళ్లిపోయాయి, గిటార్ యాంప్లిఫయర్ తప్ప.

వాల్వు పనితీరు కుళాయిని పోలి ఉంటుంది. లోపలి తీగ వేడెక్కి క్యాథోడ్‌ను కాలుస్తుంది. అక్కణ్నుంచి ఎలక్ట్రాన్లు ఎదురుగా ఉన్న ప్లేటు వైపు దూసుకెళ్తాయి. మధ్యలో గ్రిడ్ అనే జల్లెడ ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే చిన్న సంకేతం ఈ గ్రిడ్‌ను చేరి, ఆ ప్రవాహాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. కుళాయి మరను వేలితో కాస్త తిప్పితే నీళ్లు ధారగా దూకినట్టే... చిన్న సంకేతం పెద్దదైపోతుంది.

గరగర ఎక్కడిది?

కుళాయిని ఎంత తిప్పినా గొట్టంలో పట్టేన్ని నీళ్లే వస్తాయి కదా. వాల్వుకూ అలాంటి హద్దే ఉంది. అంతకుమించి సంకేతం పంపితే అలల పైభాగం కోసేసినట్టు చదునైపోతుంది. ఇంజినీర్ల లెక్కలో అది తప్పు, పేరు ‘డిస్టార్షన్’. కానీ అలా చదునైన అలలో అసలు స్వరంతోపాటు దాని రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాలు కొత్తగా పుట్టుకొస్తాయి. తంబుర శ్రుతిలో మీటని గాంధారం కూడా వినిపిస్తుందంటారే, ఆ కుటుంబానికి చెందినవే ఇవీ. గిటార్ స్వరానికి నిండుదనం, గరుకుదనం వచ్చేది అందుకే.

ఈ తప్పును మొదట ఒప్పుగా విన్నది సంగీతకారులే. 1964లో ఇంగ్లండు బృందం కింక్స్‌లోని డేవ్ డేవీస్ ఏకంగా స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసేసి మరీ ఆ గరగర తెప్పించాడు! అంతకు రెండేళ్ల ముందే, 1962లో జిమ్ మార్షల్ లండన్‌లోని తన దుకాణంలో యాంప్లిఫయర్ల తయారీ మొదలుపెట్టాడు. వాటి శబ్దం పూర్తిగా పెంచితేగానీ కోరిన గరగర వచ్చేది కాదు. దానికి విరుగుడు కాలిఫోర్నియాలో దొరికింది. మీసా బూగీ సంస్థను స్థాపించిన రాండాల్ స్మిత్ ఒక వాల్వు వెనక మరో వాల్వు దశను చేర్చి, మొదటిది పెంచిన సంకేతాన్ని రెండోదానికి, అది పెంచినదాన్ని ఇంకోదానికి అందించాడు. అదే ‘హైగెయిన్’. 1992లో వచ్చిన పీవీ 5150 లాంటివి ఆ దారిలోనే ఇంకా ముందుకెళ్లాయి.

దీనివల్ల ఇంకో లాభం... మీటిన స్వరం చాలాసేపు నిలుస్తుంది. స్వరం నిలవడం ఎంత అవసరమో తెలుగువారికి కొత్తగా చెప్పాలా! పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నది అందుకే. మామూలు మాండలిన్ నాదం ఇట్టే ఆరిపోతుంది, గమకాలకు చాలదు. ఆయన నాదంలో ఈ గరగర లేదు కానీ, విద్యుత్తు నుంచి ఆయన కోరుకున్నదీ ఆ నిలకడే.

రైలు వెళ్లే దారి ఇదీ!

నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే రేణిగుంట జంక్షన్‌లో ఏ బండి ఏ మార్గంలో వెళ్తుందో తెలిస్తేనే ప్రయాణం సాఫీగా సాగుతుంది. యాంప్లిఫయర్ కూడా అంతే. సంకేతం ఏ స్టేషన్ తర్వాత ఏ స్టేషన్‌కు వెళ్తుందో తెలిస్తే నాబ్‌లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటి మజిలీ ప్రీయాంప్. ఇక్కడ ఉండేది 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు. ఐరోపాలో దీన్నే ఈసీసీ83 అంటారు. ఒక్కో గాజుబుడ్డిలో రెండేసి వాల్వులుంటాయి. ఒక్కో దశలో సంకేతం సుమారు యాభై అరవై రెట్లు పెరుగుతుంది. ఈ దశల మధ్య ఉండే ద్వారపాలకుడే ‘గెయిన్’ నాబ్. ఇది పెంచేది శబ్దాన్ని కాదు, గరగరను!

ఆ తర్వాత బాస్, మిడిల్, ట్రెబుల్. చాలా హైగెయిన్ యాంప్‌లలో ఇవి గరగర పుట్టాక వస్తాయి. అంటే ఇవి వంట పూర్తయ్యాక వేసే పోపు లాంటివి. పైగా ఒకదాన్ని తిప్పితే మిగతా రెండింటి రుచీ మారుతుంది. గదిలో ఒంటరిగా వాయించేటప్పుడు మిడిల్ తగ్గిస్తే గొప్పగా వినిపిస్తుంది. అదే డ్రమ్ముల పక్కన వాయిస్తే గిటార్ మాయమైపోతుంది. అసలు గిటార్ ఉనికి ఉండేదే ఆ మధ్యస్థాయిలో మరి.

తర్వాతిది ‘మాస్టర్ వాల్యూమ్’. ప్రీయాంప్‌లో తయారైన నాదాన్ని ఎంత గట్టిగా బయటికి పంపాలో తేల్చేది ఇదే. గెయిన్ ఎక్కువ, మాస్టర్ తక్కువ పెడితే ఇంట్లోనూ గరగర వినొచ్చు. ఇక్కణ్నుంచి సంకేతం ఈఎల్34, 6ఎల్6 లాంటి పెద్ద పవర్ వాల్వులకు చేరుతుంది. ‘ప్రెజెన్స్’ నాబ్ పనిచేసేది ఈ చివరి దశలోనే, అందుకే దాని పదును ట్రెబుల్‌కు భిన్నంగా ఉంటుంది. ఆఖరు మజిలీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వుల అధిక వోల్టేజీని స్పీకరుకు తగ్గట్టు మార్చి అందిస్తుంది.

కొత్తవాళ్లు అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టడం మేలు. గెయిన్ మాత్రం అంతకంటే తక్కువే. అది మితిమీరితే సుయ్‌మనే రొదా పెరుగుతుంది, మీటు మీటుకీ తేడా చెరిగిపోతుంది.

మూత తీస్తే ముప్పే!

ఇక ఇంటి పెద్దలు తప్పక చదవాల్సింది ఇది. పవర్ వాల్వులకు నాలుగైదు వందల వోల్టుల విద్యుత్తు అందుతుంది. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లు ఆ విద్యుత్తును పట్టి ఉంచుతాయి. ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. కాబట్టి మూత తీయడం తెలిసిన మెకానిక్ పని. పవర్ వాల్వులు మార్చినప్పుడు చాలా యాంప్‌లలో ‘బయాస్’ సరిచేయాల్సి ఉంటుంది. అదీ ఆయనకే వదిలేయాలి.

మూడో పిన్నును ఎప్పుడూ తీసేయకూడదు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ లేని చోట లోపల ఏ లోపం తలెత్తినా ఆ షాకు నేరుగా వాయించేవాళ్ల చేతికే. మైకు పెదవికి తగిలితే ఇంకా ప్రమాదం.

అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంప్‌తోనూ జాగ్రత్త. అక్కడ 120 వోల్టులు, మనకు 230. వెనక రాసింది చూడకుండా గోడకు తగిలిస్తే పొగే! స్పీకరు కలపకుండా వాల్వు యాంప్‌ను మోగించినా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. 4, 8, 16 ఓమ్‌లలో స్పీకరుకు తగ్గదే ఎంచుకోవాలి.

చెవుల సంగతీ చూడాలి. వంద డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు పావుగంటకు మించి వినకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. వంద వాట్ల యాంప్ దాన్ని సులువుగా దాటేస్తుంది. పది వాట్లది అందులో సగమే గట్టిగా వినిపిస్తుంది, ఇంటికి అదే ఎక్కువ!

ఇంజినీర్లు వద్దనుకున్న లోపాన్ని సంగీతకారులు నెత్తిన పెట్టుకున్నారు. ఆ లోపం ఎంత కావాలో, ఏ స్టేషన్‌లో ఎక్కించుకోవాలో తెలియడమే హైగెయిన్ విద్య. పక్కింటివాళ్లు తలుపు కొట్టకముందే మాస్టర్ తగ్గించడం... అందులో ఆఖరి పాఠం!