చిన్నదాన్ని ఆపి పెద్దదాన్ని వదిలే దారి

సోడియం అయాన్ వ్యాసార్ధం 0.95 ఆంగ్‌స్ట్రామ్, పొటాషియంది 1.33. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. మన నాడీకణాల పొరలో ఉండే పొటాషియం చానెల్ అనే ప్రోటీన్ వీటిలో పెద్దదాన్ని సెకనుకు పదికోట్ల దాకా దాటించగలదు. చిన్నదాన్ని మాత్రం దాదాపుగా రానివ్వదు. పదివేల పొటాషియంలు దాటే లోపు ఒక్క సోడియం జొరబడితే ఎక్కువ. జల్లెడలో చిన్నది జారిపోయి పెద్దది మిగులుతుంది. ఇక్కడ అంతా తలకిందులు.

1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువులో కరెంటు కొలిచారు. సోడియం లోపలికి, ఆ వెంటనే పొటాషియం బయటికి పోవడమే నాడీ సంకేతమని లెక్కగట్టి చూపారు. కానీ ఆ దారులు ఎలా ఉంటాయో ఎవరూ చూడలేదు. చూడాలంటే ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చి ఎక్స్-రేలు పంపాలి. కొవ్వు పొరలో కూరుకుపోయి ఉండే ప్రోటీన్లు ఓ పట్టాన స్ఫటికాలు కావు. వైద్యం చదివి, దాన్ని వదిలి పరిశోధనకు వచ్చిన రోడరిక్ మెకినన్ పట్టుబట్టి ఆ విద్య నేర్చుకున్నారు. 1998లో ఒక మట్టి బాక్టీరియా తాలూకు పొటాషియం చానెల్ రూపాన్ని బయటపెట్టారు. 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది.

ఒకేలాంటి నాలుగు ప్రోటీన్ ముక్కలు చుట్టూ నిలబడితే మధ్యలో ఏర్పడిన సందే ఈ చానెల్. కణం లోపలివైపు గేటు, నడుమ నీళ్లు నిండిన గది, బయటివైపు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవున్న ఇరుకుదారి. కిటుకంతా ఆ ఇరుకులోనే ఉంది. నీటిలో ఏ అయానూ ఒంటరిగా ఉండదు, నీటి అణువులు దాన్ని చుట్టుకుని ఉంటాయి. ఇరుకులో దూరాలంటే వాటిని విడిచిపెట్టాలి, అందుకు బోలెడు శక్తి కావాలి. ఇరుకుదారి గోడల నుంచి లోపలికి తొంగిచూసే ఆక్సిజన్ పరమాణువులు పొటాషియంకు సరిగ్గా అందే దూరంలో ఉండి నీటి లోటు తీరుస్తాయి. చిన్నదైన సోడియంకు అవి అందవు. కాబట్టి అది నీటితోనే బయట ఉండిపోతుంది.

మరి ఇంత గట్టిగా పట్టుకుంటే ఇంత వేగం ఎక్కడిది? ఇరుకులో ఒకేసారి ఒకటికి మించి అయాన్‌లుంటాయి. అన్నీ ధనావేశాలే కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వెనకది వచ్చిందంటే ముందుది పోవాల్సిందే.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. నా దృష్టిలో ఇది సగం జవాబే. స్ఫటికంలో కనిపించేది నిశ్చల చిత్రం. ఒంట్లో ఉన్న ప్రోటీన్ క్షణం కూడా ఊరుకోదు. సోడియం, పొటాషియంల మధ్య తేడా 0.38 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. గోడలోని పరమాణువుల కదలిక అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలా ఊగిసలాడే గోడ అంత సూక్ష్మమైన కొలత ఎలా నిలుపుతుంది? ఆక్సిజన్‌లు పరస్పరం వికర్షించుకోవడమే అసలు కారణమని కంప్యూటర్ అనుకరణలు చేసినవారి వాదన. చర్చ తెగలేదు.

ఇరుకుదారి సంగతి అలా ఉంచితే, చానెల్‌కు గేటు తెరుచుకోవడం ఎంత ముఖ్యమో, వేళకు మూసుకోవడమూ అంతే. మన పొలాల్లో తిరిగే ఎర్రతేలు విషం సోడియం చానెళ్లను సకాలంలో మూసుకోనివ్వదు. నాడులు ఆగకుండా సంకేతాలు పంపి గుండె మీద భారం వేస్తాయి. ఆ విషంలోని ఐబీరియోటాక్సిన్ అనే మరో పదార్థం ఒక రకం పొటాషియం చానెల్‌కు అడ్డంపడుతుంది. ప్రయోగశాలల్లో దాన్ని పనిముట్టుగా వాడుకుంటున్నారు. ఎర్రతేలు కుట్టిన పిల్లలకు వాంతులై, చెమటలు పట్టి, కాళ్లూ చేతులూ చల్లబడుతుంటే మంత్రాల కోసం తిరగకండి. ప్రాజోసిన్ అనే చవకైన మాత్ర ప్రాణం నిలబెట్టగలదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.